మీ పేరుతో ఎవరు చదువుతున్నారు?

స్కాలర్‌షిప్పు దొంగిలించాలంటే గోడ దూకక్కర్లేదు. తాళం పగలగొట్టక్కర్లేదు. పదో తరగతి మెమో నకలు, ఆధార్ నకలు, ఒక వేలిముద్ర... ఈ మూడూ చేతికొస్తే చాలు. పిల్లాడు ఒకచోట, వాడి పేరు మరోచోట చదివేస్తాయి. డబ్బు మాత్రం మూడో చోటికి చేరుతుంది!

పది, ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే నిర్మల్ జిల్లా భైంసాలో జిరాక్సు సెంటర్లకు, మీసేవా కేంద్రాలకు తీరిక ఉండదు. పత్తి వ్యాపారానికీ జిన్నింగు మిల్లులకూ పేరుపడ్డ పట్టణం ఇది. చుట్టుపక్కల పల్లెల్లో పత్తి రైతులు, కూలీలు, బీడీలు చుట్టే తల్లులు. అటు అడుగేస్తే మహారాష్ట్ర. పిల్లల్లో కొందరి చూపు పక్కనే ఉన్న బాసర ట్రిపుల్ ఐటీ మీద, కొందరిది నిర్మల్, నిజామాబాద్ కాలేజీల మీద, ఇంకొందరిది హైదరాబాద్ మీద. ఎవరు ఎటు వెళ్లినా చేతిలో ఉండే ప్లాస్టిక్ కవరు మాత్రం ఒక్కటే. పదో తరగతి మెమో, టీసీ, బోనఫైడ్, కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం... అన్నీ అందులోనే!

ఆ కవరు విలువెంతో చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. ఇంట్లో తులం బంగారం ఉంటే బీరువాలో పెట్టి తాళం వేస్తారు. మూడు నాలుగేళ్ల ఫీజును తెచ్చిపెట్టే కాగితాలను మాత్రం ‘సీటు ఇప్పిస్తా’నన్న ముక్కూమొహం తెలియని మనిషికి అప్పజెప్పి వచ్చేస్తారు. మోసానికి బీజం పడేది అక్కడే.

డబ్బు ఏ దారిన వస్తుంది?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008-09 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం పెద్దఎత్తున అమల్లోకి వచ్చింది. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, పేద అగ్రవర్ణ కుటుంబాల నుంచి మొట్టమొదటిసారి ఇంజినీరింగ్ గడప తొక్కినవాళ్లు లక్షల్లో ఉన్నారు. ఈ పథకంలో రెండు రకాల సొమ్ము ఉంటుంది. ఒకటి, కాలేజీకి చేరే బోధన రుసుము. రెండోది, విద్యార్థి ఖర్చుల కోసం అతడి ఖాతాలో పడే నిర్వహణ భత్యం. మనం వాడుకలో ‘స్కాలర్‌షిప్పు’ అనేది ఈ రెండోదాన్నే.

ఇన్ని లక్షల దరఖాస్తుల్ని కాగితాల మీద చూడటం సాధ్యం కాదని హైదరాబాద్‌లోని సెంటర్ ఫర్ గుడ్ గవర్నెన్స్ ‘ఈపాస్’ అనే ఆన్‌లైన్ వ్యవస్థను తయారుచేసింది. విద్యార్థి పదో తరగతి హాల్‌టికెట్ నంబరే ఇందులో తాళంచెవి. దాంతో దరఖాస్తు చేసి, మీసేవాలో వేలిముద్ర వేసి, కాగితాలను కాలేజీలో ఇస్తే... వాళ్లు సరిచూసి పైకి పంపుతారు. సంక్షేమ శాఖ అధికారులు పరిశీలించి మంజూరు చేస్తారు. బిల్లు ట్రెజరీకి వెళుతుంది.

చూడటానికి నాలుగు గేట్లున్న కోటలా ఉంది కదా! కానీ ఈ నాలుగింటిలో ఏ ఒక్కచోట చేయి కలిసినా కోట కూలిపోతుంది. దేశంలో జరిగిన మోసాలు చెప్పేది ఇదే.

మంచుకొండల్లో బయటపడిన గుట్టు

హిమాచల్‌ప్రదేశ్‌లో లాహౌల్-స్పితి అనే గిరిజన ప్రాంతం ఉంది. ఏడాదిలో సగం రోజులు మంచే. అక్కడి సర్కారు బడుల పిల్లలకు అయిదేళ్లుగా స్కాలర్‌షిప్పులు అందడంలేదని ఫిర్యాదు వచ్చింది. ‘నిధుల్లేవేమో’ అనుకుంటూ ఆరా తీస్తే తేలిందేమిటంటే... నిధులున్నాయి, విడుదలయ్యాయి కూడా. వెళ్లాల్సిన చోటికే వెళ్లలేదు! 2013-14 నుంచి 2016-17 మధ్య జరిగిన ఈ వ్యవహారంపై 2019లో సీబీఐ కేసు నమోదు చేసింది. కుంభకోణం విలువ 250 కోట్ల రూపాయల పైమాటేనని అప్పట్లో అంచనా వేశారు. రికార్డులు తిరగేస్తే వేలమంది విద్యార్థుల పేర్ల ఎదుట ఉన్న ఫోన్ నంబర్లు నాలుగంటే నాలుగే. ఖాతాలో డబ్బు పడినప్పుడు మెసేజి వెళ్లాల్సింది విద్యార్థికి. అది వెళ్లింది మరొకరి జేబులోని ఫోనుకు. ఇక పిల్లలకు తెలిసేదెలా?

ఝార్ఖండ్ కథ 2020లో వెలుగులోకి వచ్చింది. మైనారిటీ పిల్లల ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్పుల కోసం దళారులు ఊళ్ల మీద పడ్డారు. ఆధార్, పాసుపుస్తకం, వేలిముద్రలు తీసుకుని దరఖాస్తులు పెట్టేశారు. ఇంటి నుంచి బడికెళ్లే పిల్లల్ని హాస్టల్లో ఉంటున్నట్టు రాశారు. ఎందుకంటే, హాస్టల్ పిల్లలకు వచ్చే మొత్తం ఎక్కువ. డబ్బు రాగానే కొంత చేతిలో పెట్టి మిగతాది పట్టుకుపోయారు. అది సౌదీ నుంచి వచ్చిన సాయమని కొందరికి చెప్పారట. తమ బిడ్డ పేరున సర్కారు ఇచ్చిన సొమ్మేనని ఆ తల్లులకు తెలియనే లేదు.

మరి దేశమంతటా పరిస్థితి ఏమిటి? కేంద్ర మైనారిటీ వ్యవహారాల శాఖ 1572 విద్యాసంస్థలను పరిశీలన చేయిస్తే అందులో 830 బోగస్‌వో, నడవనివో, నకిలీ లబ్ధిదారులున్నవో అని తేలింది. అంటే సగానికిపైనే. 2017-18 నుంచి 2021-22 వరకూ 144 కోట్ల రూపాయలకు పైగా పక్కదారి పట్టిందని అంచనా. 2023 ఆగస్టులో ఇదీ సీబీఐ చేతికి వెళ్లింది.

అగ్రరాజ్యానికీ ఈ బెడద తప్పలేదు. అమెరికాలో దొంగిలించిన పేర్లతో ఆన్‌లైన్ క్లాసుల్లో చేరి, ఆర్థిక సాయం ఖాతాలో పడగానే మాయమయ్యే ముఠాలు పుట్టుకొచ్చాయి. వీళ్లకు అక్కడ ‘దెయ్యం విద్యార్థులు’ అని పేరు. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలు వీళ్లతో ఎక్కువగా ఇబ్బంది పడ్డాయి. దాంతో 2025 జూన్‌లో అమెరికా విద్యాశాఖ కొత్త నిబంధన పెట్టింది. మొదటిసారి సాయం కోరేవారిలో అనుమానం ఉన్నవాళ్లు నేరుగానో వీడియోలోనో కనపడి, ప్రభుత్వం ఇచ్చిన గుర్తింపు కార్డు చూపించాలని కాలేజీలకు చెప్పింది. కంప్యూటర్లు ఎన్ని ఉన్నా చివరికి ‘మనిషిని చూపించు’ అనాల్సి వచ్చింది!

పోయేది డబ్బొక్కటే కాదు

‘సర్కారు సొమ్ము ఎవడో తిన్నాడు, మనకేం పోయింది?’ అనుకునేవాళ్లుంటారు. అక్కడే పొరపాటు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఇంటర్ పూర్తయిన అమ్మాయి ఒకరు ఉన్నారనుకోండి. ఓ దళారీ ఇంటికొచ్చి, ‘అమ్మా, ఫీజు కట్టేది లేదు. కాలేజీకి రోజూ రానవసరం లేదు. సర్టిఫికెట్లు ఇయ్యండి, మిగతాది మేం చూసుకుంటం’ అన్నాడు. ఇచ్చారు. ఆమె పేరు ఎక్కడో ఒక కాలేజీ రిజిస్టరులో ఎక్కింది. తర్వాత ఆ అమ్మాయికి మంచి కాలేజీలో సీటొచ్చింది. ఈపాస్ తెరిచి హాల్‌టికెట్ నంబరు కొడితే... ‘ఇప్పటికే నమోదైంది’!

పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్పు నిబంధనల ప్రకారం ఒక స్థాయి కోర్సుకు సాయం పొందినవాళ్లు అదే స్థాయిలో మరో కోర్సు చదివితే మళ్లీ ఇవ్వరు. అంటే డిగ్రీ స్థాయిలో ఆ అమ్మాయికి దక్కాల్సిన ఒక్క అవకాశాన్నీ ఎవరో వాడేసుకున్నారు. ఆమె చదవని చదువుకు ఆమె పేరుతో లెక్క రాసేశారు. తను చదవలేదని నిరూపించుకోవాల్సిన బాధ్యత ఇప్పుడు ఆమె మీదే పడుతుంది. ఇదీ అసలు నష్టం.

పైగా, తెలిసి కాగితాలిచ్చి, వచ్చినదాంట్లో వాటా పుచ్చుకున్నవాళ్లు బాధితులు కారు. కేసు పెడితే వాళ్ల పేరు కూడా అందులో ఉంటుంది. ఉద్యోగానికి పోలీసు విచారణ జరిగినప్పుడో, పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసినప్పుడో ఆ కేసు ముందుకొచ్చి నిలబడుతుంది.

వేలిముద్ర ఉందిగా... భయమెందుకు?

‘మీసేవాలో వేలు పెట్టాల్సిందే కదా, ఇంకెవరు పెడతారు?’ అన్నది చాలామంది ధీమా. దానికి జవాబు ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోనే దొరికింది. 2018 జూన్‌లో పెద్దపల్లి జిల్లా ధర్మారానికి చెందిన ఓ సిమ్‌కార్డుల వ్యాపారిని హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేశారు. అతగాడు ఎవరి ఇంటికీ వెళ్లలేదు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఉన్న భూముల దస్తావేజుల్ని దించుకున్నాడు. వాటిమీద ఆధార్ నంబరూ ఉంది, వేలిముద్రా ఉంది. రబ్బరు స్టాంపులు తయారుచేసే పద్ధతిలో ఆ ముద్రలకు నకళ్లు పోతపోశాడు. వాటితో వేల సిమ్‌కార్డులు యాక్టివేట్ చేశాడు. ఇదంతా కంపెనీ పెట్టిన టార్గెట్ పూర్తిచేయడానికట!

ఆ పట్టుబడ్డది సిమ్‌ల కోసమే. కానీ నేర్పిన పాఠం అందరికీ వర్తిస్తుంది. వేలిముద్ర కూడా కాగితం మీద పడ్డాక కాగితంతో సమానమే. ఏ అంగీకార పత్రం మీద, ఎవరి కోసం ముద్ర వేస్తున్నామో చూసుకోవాల్సిందే.

అందుకే ప్రభుత్వాలు తాళాలు మారుస్తున్నాయి. 2015లో మొదలైన జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఇప్పుడు ‘వన్ టైమ్ రిజిస్ట్రేషన్’ వచ్చింది. విద్యార్థికి ఒక 14 అంకెల నంబరు ఇస్తారు. చదువు ముగిసేదాకా అదే. ఫోన్ కెమెరా ముందు ముఖం చూపించి ఆధార్‌తో సరిపోల్చుకునే ఏర్పాటు కూడా చేశారు. ఒకే విద్యార్థి రెండుచోట్ల కనిపించకుండా చేయడమే దీని ఉద్దేశం.

తాళం గట్టిదే... యజమానే బయట!

ఇక్కడో తిరకాసు ఉంది. దొంగ కోసం వేసిన తాళం ఒక్కోసారి ఇంటివాళ్లనే బయట నిలబెడుతుంది. భైంసా లాంటి ఊళ్లో ఇది మరీ ఎక్కువ.

తెలుగు, మరాఠీ, ఉర్దూ... మూడు భాషలు కలిసి బతికే ప్రాంతమిది. తెలుగింట్లో ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. మరాఠీ మాట్లాడే ఇంట్లో అసలు పేరు ముందు, తర్వాత తండ్రి పేరు, చివర ఇంటిపేరు. ముస్లిం కుటుంబాల్లో ‘మహ్మద్’ అన్న ఒక్క మాటనే ఇంగ్లిషులో నాలుగైదు రకాలుగా రాస్తారు. కొన్నిచోట్ల ‘ఎండీ’ అని రెండక్షరాలతో సరిపెడతారు. బడిలో ఒకరు రాసింది, ఆధార్ కేంద్రంలో ఒకరు టైపు చేసింది, బ్యాంకులో ఇంకొకరు ఎక్కించింది... కలవాలంటే ఎక్కడ కలుస్తాయి? మనుషులకైతే ఇద్దరూ ఒకరేనని తెలుస్తుంది. కంప్యూటర్‌కు తెలియదు. దాని దృష్టిలో మెమోలో ఒకరు, ఆధార్‌లో ఇంకొకరు. అసలైన విద్యార్థే నకిలీగా మిగిలిపోతాడు.

వేళ్ల సంగతీ అంతే. సెలవుల్లో పత్తి ఏరే పిల్లలు, అమ్మతోపాటు బీడీలు చుట్టే ఆడపిల్లలు... వాళ్ల వేళ్ల గీతలు అరిగిపోయి యంత్రం గుర్తుపట్టదు. అలాంటప్పుడు కనుపాపతోనో, ముఖంతోనో, ఫోనుకు వచ్చే ఓటీపీతోనో ధ్రువీకరించే వీలుందేమో అడగాలి. ‘పడట్లేదు, రేపు రా’ అంటే వెనక్కి వచ్చేయకూడదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ముందుచూపు. పదో తరగతి నామినల్ రోల్స్ బడి నుంచి బోర్డుకు వెళ్లేముందే పిల్లాడి పేరు, తండ్రి పేరు, పుట్టినతేదీ ఆధార్‌తో అక్షరం అక్షరం కలిపి చూసుకోవాలి. మెమో అచ్చయ్యాక దిద్దుబాటు పెద్ద ప్రహసనం. ఆధార్‌లోనూ పేరు రెండుసార్లే మార్చుకోనిస్తారు. పుట్టినతేదీ ఒక్కసారే. తొందరపడి తప్పుగా మార్చుకుంటే అవకాశం వృథా. ఇంకో సంగతి... 15 ఏళ్లు నిండిన పిల్లల వేలిముద్రలు, కనుపాపలు, ఫొటో ఆధార్‌లో తప్పనిసరిగా కొత్తగా నమోదు చేయించాలి. 15 నుంచి 17 ఏళ్ల మధ్య మొదటిసారి చేయిస్తే ఉచితం. అయిదేళ్ల వయసులో తీసిన ముద్రలతో పదిహేనేళ్లవాడి వేలు కలవకపోతే ఆ తప్పు యంత్రానిది కాదు కదా!

ఆలస్యం... దొంగకు చుట్టం

మోసాలకు ముసుగు వేసేది మరొకటి ఉంది. ఆలస్యం. ఫీజు రీయింబర్స్‌మెంట్ సొమ్ము నెలలు, ఏళ్లు గడిచినా రాకపోవడం మనకు అలవాటైపోయింది. బకాయిల కోసం తెలంగాణలో ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలలు 2025 నవంబరులో బంద్ కూడా పాటించాయి. ఏడాదిగా డబ్బు పడకపోతే విద్యార్థి ఏమనుకుంటాడు? ‘సర్కారు ఇంకా ఇయ్యలేదు’ అనే కదా! నిజంగానే ఇవ్వలేదా, ఇచ్చింది వేరేచోట పడిందా అన్న అనుమానమే రాదు. హిమాచల్‌లో ఏళ్లపాటు బయటపడకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు! సొమ్ము ఫలానా నెలలో కచ్చితంగా వస్తుందన్న నమ్మకముంటే, రానినాడే విద్యార్థి అడుగుతాడు. సకాలంలో చెల్లించడమే ప్రభుత్వం వేయగల పెద్ద తాళం.

అప్పటిదాకా ఎదురుచూస్తూ కూర్చోనక్కర్లేదు. విద్యార్థి తన దరఖాస్తు నంబరుతో ఈపాస్‌లో ఎప్పుడైనా స్థితి చూసుకోవచ్చు. కాలేజీ పంపిందా, అధికారి మంజూరు చేశారా, బిల్లు ట్రెజరీకి వెళ్లిందా... తెలుస్తుంది. నెలకోసారి కాకపోయినా మూడు నెలలకోసారి అయిదు నిమిషాలు చాలు.

ఇంటిల్లిపాదీ గుర్తుంచుకోండి

* నకలు ఇచ్చే ప్రతిసారీ దానిమీద అడ్డంగా ‘ఫలానా కాలేజీలో ప్రవేశం కోసం మాత్రమే’ అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టండి. ఆ నకలును మరోచోట వాడటం కష్టమవుతుంది.

* ఆధార్ నంబరు మొత్తం అవసరం లేనిచోట చివరి నాలుగంకెలే కనిపించే ‘మాస్క్‌డ్ ఆధార్’ ఇవ్వండి.

* ఒరిజినల్ సర్టిఫికెట్లు దళారుల చేతికి ఇవ్వొద్దు. ప్రవేశ సమయంలో సరిచూసి వెంటనే తిరిగివ్వాలని, కాలేజీలు వాటిని అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టం చేసింది.

* దరఖాస్తులో ఫోన్ నంబరు విద్యార్థిదో, అమ్మానాన్నలదో ఉండాలి. నెట్ సెంటరు అతడిదో, కాలేజీ గుమస్తాదో ఉండకూడదు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు.

* బ్యాంకు ఖాతా మీరే వెళ్లి తెరవండి. పాసుపుస్తకం, ఏటీఎం కార్డు, సంతకం చేసిన ఖాళీ విత్‌డ్రాయల్ ఫారం ఎవరి దగ్గరా ఉంచొద్దు.

* వాడనప్పుడు ఆధార్ బయోమెట్రిక్‌ను లాక్ చేసుకోవచ్చు. మీ ఆధార్‌ను గత ఆరు నెలల్లో ఎప్పుడెప్పుడు వాడారో ఆధార్ వెబ్‌సైటులో చూడొచ్చు. సందేహాలకు 1947కు ఫోన్ చేయండి.

* మీ పేరుతో ఎన్ని సిమ్‌లున్నాయో ‘సంచార్ సాథీ’లో తెలుస్తుంది. మీవి కానివి ఉంటే అక్కడే ఫిర్యాదు చేయొచ్చు.

* ఖాతాలోంచి డబ్బు పోయినట్టు తెలిస్తే క్షణం ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

* ‘ఇప్పటికే నమోదైంది’ అని వస్తే ఆ తెరను ప్రింటు తీసుకోండి. చదువుతున్న కాలేజీ ప్రిన్సిపాల్‌కూ, జిల్లా సంక్షేమ అధికారికీ రాతపూర్వకంగా ఫిర్యాదిచ్చి రసీదు పుచ్చుకోండి. సోమవారాల్లో కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలోనూ అర్జీ ఇవ్వొచ్చు. నోటిమాటగా చెప్పి వచ్చేస్తే రేపు మీ దగ్గర ఆధారం ఉండదు.

ఇవేవీ పెద్ద చదువులు చదివితేనే చేయగలిగేవి కావు. ఇంట్లో ఒక నోటుపుస్తకం పెట్టుకుని ఏ కాగితం నకలు, ఏ రోజు, ఎవరికి, ఎందుకిచ్చామో ఒక వరస రాసుకుంటే చాలు. కిరాణాకొట్టు ఖాతాలో నాలుగు రూపాయల తేడా వస్తే ఊరుకోని మనం, పిల్లల పేరు ఎక్కడెక్కడ తిరుగుతోందో లెక్క రాసుకోకపోతే ఎలా? అక్షరం రాని తల్లి అయినా ‘ఈ కాగితం ఎవరికిచ్చినవ్ బిడ్డా?’ అని అడగగలదు. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పడం ఇంట్లో అలవాటైతే, దళారీ వచ్చి కవరు అడిగిన రోజున పిల్లలే ‘దేనికి?’ అంటారు.